మా హోమ్‌లో ఒకరికి హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. వేరే గదిలో పెట్టాలా? మిగతా 41 మంది సంగతేంటి?

హోమ్_ఇన్‌ఛార్జి (ఉప్పల్)

నమస్తే అండీ. మాది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల రెసిడెన్షియల్ హోమ్. 42 మంది ఉంటారు, 19 నుంచి 51 ఏళ్ల మధ్య. ఆయాలు, కేర్‌టేకర్లు, వంటవాళ్లు, ఒక నర్సు కలిపి సిబ్బంది 16 మంది. 34 ఏళ్ల ఒకతనికి పన్ను తీయించే ముందు రక్త పరీక్ష చేయిస్తే కార్డు టెస్టులో హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో ఈ వైరస్ ఉందని చూపే గుర్తు) పాజిటివ్ అని వచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉంది, ఫిట్స్‌కి కార్బమజెపిన్ వాడుతున్నాడు. కామెర్లు లేవు, తిండి మామూలుగానే తింటున్నాడు.

కమిటీ వాళ్లు వేరే గది, వేరే కంచం, వేరే బాత్రూమ్ అంటున్నారు. ఇద్దరు ఆయాలు స్నానం చేయించమని చెప్పేశారు. అతని గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు, అందులో ఒకరికి కోపం వస్తే కొరికే అలవాటు. గడ్డాలు, కటింగులు నెలకు రెండుసార్లు ఒకతను వచ్చి అందరికీ వరుసగా చేసి వెళ్తాడు. చిన్నప్పుడు ఎవరికి ఏ టీకా వేశారో చాలామంది ఫైళ్లలో లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పరీక్షలు, ఎన్ని డోసులు, ఎంత దూరం పాటించాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కాలేయం_కబుర్లు (గ్యాస్ట్రో డాక్టరు)

వేరే కంచం, వేరే బాత్రూమ్ అక్కర్లేదు. ఇది అన్నంలో, నీళ్లలో, దగ్గులో, కౌగిలింతలో వచ్చేది కాదు. ఆహారం ద్వారా వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. మనవాళ్లు అన్నిటినీ కలిపి ‘కామెర్లు’ అనడంతో జాగ్రత్తలు కూడా కలగాపులగం అవుతున్నాయి. బి వచ్చేది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు. లాలాజలంలో వైరస్ ఉంటుంది గానీ రక్తంలో కంటే చాలా తక్కువ. కొరికినప్పుడు చర్మం తెగితేనే దానితో భయం.

మరి హోముల్లోనే ఎందుకు ఎక్కువ పాకుతుందంటే, ఈ వైరస్ ఎండిపోయిన రక్తంలో, కంటికి కనపడనంత మరకలో కూడా కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. హెచ్ఐవికి ఆ మొండితనం లేదు. చిగుళ్ల నుంచి రక్తం కారేవాళ్లు, తమను తామే గిల్లుకుని పుండ్లు చేసుకునేవాళ్లు, కొరికేవాళ్లు, ఎదుటివాడి బ్రష్ నోట్లో పెట్టుకునేవాళ్లు ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉంటే ఒకరి దగ్గర ఉన్నది మెల్లగా పది మందికి చేరుతుంది.

డౌన్ సిండ్రోమ్ సంగతికి ఒక చరిత్ర ఉంది. బరూచ్ బ్లంబర్గ్ 1960లలో ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పిలిచినదే ఇవాళ్టి హెచ్‌బీఎస్‌ఏజీ. అది డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపించేసరికి, ఆ సిండ్రోమ్‌తో పాటు పుట్టుకతో వచ్చే గుణమేమో అని మొదట అనుమానించారు. తీరా చూస్తే పెద్ద సంస్థల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ, చిన్న సంస్థల్లో తక్కువ, ఇంటి దగ్గర పెరిగినవాళ్లలో మరీ తక్కువ. అంటే అది ఆ సంస్థ ఇచ్చినది. అయితే ఒకసారి సోకాక వైరస్‌ను వదిలించుకునే శక్తి మాత్రం డౌన్ సిండ్రోమ్‌లో తక్కువ, దీర్ఘకాలం ఉండిపోయే అవకాశం ఎక్కువ. బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది.

ఇక మీ వాడి విషయం. ఇది ఈ నెల అంటుకున్నదని అనుకోకండి. పసితనంలో సోకితే 90 శాతం మందిలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో అలా మిగిలిపోయేది 5 శాతం లోపే. లక్షణాలేమీ లేకుండా 34 ఏళ్లకు బయటపడిందంటే పాతదై ఉండే అవకాశమే ఎక్కువ. కార్డు టెస్టును ముందు ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో రూఢి చేసుకోండి. దాంతోపాటు యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (కొత్తగా సోకిందా), హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందా), హెచ్‌బీవీ డీఎన్ఏ (వైరస్ లోడు) ఎంతుంది, ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటోందా), ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (మూత్రపిండాలు), పొట్ట స్కానింగ్, వీలైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్). ఆరు నెలల తర్వాత కూడా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గా ఉంటే దీర్ఘకాలికం అంటాం. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఉస్మానియా, గాంధీ లాంటి బోధనాసుపత్రుల గ్యాస్ట్రో విభాగంలో అడగండి.

పాజిటివ్ అయిన ప్రతివాళ్లకీ మాత్రలు పడవు. వైరస్ లోడు, ఏఎల్‌టీ, కాలేయం గట్టిపడటం చూసి నిర్ణయిస్తారు. ఒకవేళ మొదలుపెడితే ఒక చిక్కు ఉంది, మీరు కార్బమజెపిన్ అన్నారు కాబట్టి చెబుతున్నా. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ ఈ మూడు ఫిట్స్ మందులూ టెనోఫోవిర్ అలఫెనమైడ్ అనే హెపటైటిస్ బి మాత్ర మోతాదును రక్తంలో పడగొట్టేస్తాయి. ఆ జంట కలపకూడదు. పాత టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ 300 మి.గ్రా. గానీ ఎంటెకావిర్ గానీ వాడొచ్చు. మొదటిదానికి మూత్రపిండాలు, ఎముకలు చూస్తుండాలి. రెండోది ఖాళీ కడుపున, అంటే తిన్న 2 గంటల తర్వాత, మళ్లీ తినే 2 గంటల ముందు. హోమ్‌లో మందులన్నీ టిఫిన్‌తో కలిపి వేసేస్తారు కదా, ఇది అక్కడే తప్పుతుంది. స్టాకు అయిపోయిందని రెండు వారాలు ఆపేస్తే వైరస్ తిరగబడి కాలేయం పాడవచ్చు, కాబట్టి నెల మందు ముందే ఉంచుకోండి. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్‌లోకి మార్చాలని ఎవరైనా అంటే కాలేయ డాక్టరుకి చెప్పకుండా మార్చకండి.

మిగతా 41 మందికీ, సిబ్బంది 16 మందికీ పరీక్ష, టీకా. మన టీకా కార్యక్రమంలో హెపటైటిస్ బి 2002లో కొన్ని నగరాల్లో మొదలై 2011 నాటికి దేశమంతా వచ్చింది. మీ హోమ్‌లో అందరూ 19 పైనే కాబట్టి, కాగితం చేతిలో ఉంటే తప్ప ఎవరికీ టీకా పడలేదనే అనుకోండి.

నల్లకుంట_ల్యాబ్

డాక్టరుగారు చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి రెండు ముక్కలు.

వరస ముఖ్యం. ముందు రక్తం తీయండి, అదే కూర్చోబెట్టిన చోట వెంటనే మొదటి డోసు వేయించేయండి. రిపోర్టులు వచ్చాక చూద్దాం అని ఆగితే కొందరు దొరకరు, కొందరు రెండోసారి చెయ్యి ఇవ్వరు. వరస తిప్పకండి: టీకా వేసిన తర్వాత 18 రోజుల వరకు రక్తంలో టీకా తాలూకు హెచ్‌బీఎస్‌ఏజీయే కనిపించి, ఉత్తి పుణ్యానికి పాజిటివ్ అనిపించవచ్చు. అప్పటికే వైరస్ ఉన్నవాళ్లకు ఒక డోసు పడినా నష్టమేమీ లేదు, లాభమూ లేదు, అంతే.

ఒక్క 5 మి.లీ. శాంపిల్ చాలు, అందులోనే మూడు చేయండి: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ టోటల్ (వైరస్ ఎప్పుడైనా సోకిందా), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఇచ్చే యాంటీబాడీ). మొదటిది పాజిటివ్ అయితే వైరస్ ఉంది. మొదటిది లేకుండా మిగతా రెండూ ఉంటే ఎప్పుడో వచ్చి పోయింది, మిగతా డోసులు అక్కర్లేదు. మూడోది ఒక్కటే ఉంటే టీకా పడింది. మూడూ నెగటివ్ అయితే కోర్సు పూర్తి చేయాలి. యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే పాజిటివ్‌గా వచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో తగలొచ్చు. వాళ్లను పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి, ఎందుకంటే వచ్చిపోతున్న మధ్యకాలంలో హెచ్‌బీఎస్‌ఏజీ మాయమై, యాంటీబాడీ ఇంకా పుట్టని దశ ఒకటి ఉంటుంది.

ఖర్చు మిగల్చాలని హెచ్‌బీఎస్‌ఏజీ కార్డు ఒక్కటే చేసి అయిపోయిందనుకునే హోములు ఎక్కువ. దాంతో ఎవరికి రక్షణ ఉందో ఏమీ తెలియదు.

వార్డు_సిస్టర్ (ఇన్ఫెక్షన్ కంట్రోల్)

గ్లౌజుల సంగతి మొదలు చెప్తా, ఎందుకంటే తప్పు అక్కడనే జరుగుతది. పొద్దున ఆయా ఒక జత గ్లౌజులు వేసుకుంటది, అదే జతతోని వరుసగా పది మందికి పళ్లు తోముతది. ఆమె చెయ్యి భద్రం. మొదటాయన చిగుళ్ల రక్తం మాత్రం తొమ్మిది నోళ్లకు పోయింది. గ్లౌజు వేసుకోకపోతే కనీసం చెయ్యి కడుక్కుంటుండె. ఒక మనిషికి ఒక జత, తీసినాక సబ్బుతోని చెయ్యి కడగాలె. ఈ ఒక్కటి నేర్పిస్తే సగం పని అయినట్టే.

ఫిట్స్‌కి ఫెనిటోయిన్ వాడేటోళ్ల చిగుళ్లు వాచి ఉంటయ్, ముట్టుకుంటే రక్తం వస్తది. అసొంటోళ్ల బ్రష్‌లు ఒకే మగ్గులో తలకాయలు తాకేటట్టు నిలబెట్టి పెడతరు. అట్ల పెట్టొద్దు. గోడకు పలక కొట్టించి, బ్రష్‌కు బ్రష్‌కు మధ్యల నాలుగు వేళ్ల జాగ ఉంచి, చదువురానోళ్లకు పేరు బదులు బొమ్మ అంటించండి: ఒకరికి మామిడికాయ, ఒకరికి ఆటో. చిగుళ్లకు డెంటిస్టును ఆరు నెలలకోసారి పిలిపించండి.

కటింగ్ అతని సంగతి. హాఫ్ బ్లేడు మనిషికొకటి, మీ మనిషి ఎదురుంగ కవర్ చింపి పెట్టాలె, అయిపోంగనే సూదుల డబ్బాల పడేయాలె. అందరికి ఈ బ్లేడు యాదికుంటది. పటిక రాయి ఎవరికీ యాదికుండదు. గడ్డం గీసినంక గాటు పడ్డ చోట పటిక రుద్దుతరు, అదే రాయి తర్వాతాయన మొకం మీద రుద్దుతరు. దాన్ని ఇంట్లకు రానియ్యకండి. గాటు పడితే దూదితోని నొక్కిపట్టాలె. గడ్డాలకు బ్లేడు కంటె ట్రిమ్మర్ మేలు, గాట్లు తక్కువ. మనిషి మారినప్పుడల్లా దాని తలకాయ ఊడదీసి, బ్రష్‌తోని దులిపి, కడిగి ఆరబెట్టి, 70 శాతం స్పిరిట్‌ల 10 నిమిషాలు ఉంచండి. రెండు తలకాయలు కొనుక్కుంటే ఒకటి నానేలోపు ఇంకోటి నడుస్తది. నెయిల్ కట్టర్ మాత్రం మనిషికొకటి కొనండి, దాంట్ల పిసినారితనం వద్దు.

షుగరు ఉన్నోళ్లు ఉంటే ఇది చూడండి: వేలు గుచ్చే పెన్ను ఒకటే ఉంటది, సూది మారుస్తరు గని పెన్ను మూతి మీద రక్తం అట్లనే ఉంటది. ముసలోళ్ల హోముల్ల హెపటైటిస్ బి పాకిన కేసులు దీంతోనే చాన దేశాల్ల దొరికినయ్. ఒకసారి వాడి పడేసే లాన్సెట్లు తెప్పించండి. గ్లూకోమీటర్ ప్రతి మనిషికీ మధ్యల తుడవాలె. ఇన్సులిన్ పెన్ను మీద పేరు రాయాలె, సూది మార్చినా సరే ఇంకొకరికి వాడొద్దు.

నేల మీద రక్తం పడితే: గ్లౌజులు, ముందు పాత బట్ట గాని కాగితం గాని వేసి పీల్చి తీసేయాలె. తర్వాత 0.5 శాతం క్లోరిన్ నీళ్లు పోసి 10 నిమిషాలు వదలాలె, తర్వాత సబ్బునీళ్లు. రక్తం మీదనే మందు పోస్తే ఆ రక్తమే క్లోరిన్‌ను తినేస్తది. బజార్ల 5 శాతం హైపో (క్లోరిన్ ద్రావణం) దొరికితే ఒక వంతు హైపో, తొమ్మిది వంతుల నీళ్లు. బ్లీచింగ్ పౌడరైతే 30 శాతం రకం లీటరుకు 17 గ్రాములు, వంటింటి కాటా మీద ఒకసారి తూచి ఏదన్న మూత మీద గీత పెట్టుకోండి. కలిపిన నీళ్లు ఆ రోజుకే, పొద్దటికి పారబోయాలె. తేమ తగిలి గడ్డకట్టిన పౌడర్‌కు బలం ఉండదు. బాత్రూమ్‌ల కడగడానికి వాడే యాసిడ్ ఉంటది గదా, దాంట్ల ఇది కలిస్తే విషవాయువు వస్తది. రెండూ ఒకే అర్రల పెట్టొద్దు.

సూదులు, బ్లేడ్లకు తెల్లటి గుచ్చుకోని డబ్బా, ముప్పావు నిండంగనే మూసేయాలె. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల కింద దాన్ని తీస్కపోయే ఏజెన్సీతోని ఒప్పందం చేసుకోవాలె, చెత్త బండిల వేయొద్దు. రక్తం అంటిన బట్టలు చల్లనీళ్లల ఒకసారి జాడించి తర్వాత సర్ఫ్‌ల నానేయండి. నెలసరి ప్యాడ్లు మార్చేటప్పుడు కూడ ఇవే గ్లౌజులు, ఇదే చేతులు కడుగుడు.

స్పెషల్_ఎడ్ (బోయిన్‌పల్లి)

పైన చెప్పినవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి, 42 మందికి మూడేసి సార్లు సూది అంటే అసలు కష్టం అక్కడ. హాల్లో వరసగా కూర్చోబెట్టి వేయకండి. మొదటివాడు అరిస్తే మిగతా నలభై మందీ లేచిపోతారు. ఒక్కొక్కరిని వేరే గదిలోకి, వాళ్లకు బాగా అలవాటైన ఆయాతో పంపండి. వారం ముందు నుంచీ నాలుగు బొమ్మలతో చూపించండి: చొక్కా చెయ్యి మడవడం, చల్లటి దూది, చిన్న నొప్పి, బిస్కెట్. సూది చూసి గొడవ చేస్తారని తెలిసినవాళ్లకు ప్రైలాక్స్ లాంటి మొద్దుబార్చే క్రీము గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ అంటించండి. నలుగురు పట్టుకుని ఒకసారి బలవంతంగా వేస్తే మొదటి డోసు పడుతుంది, రెండు, మూడు డోసులు పడవు.

కొరికే అతను గురించి. ఎప్పుడు కొరుకుతున్నాడో రెండు వారాలు రాసి పెట్టండి: దానికి ముందు ఏం జరిగింది, ఎవరిని, తర్వాత ఎవరు ఏం చేశారు. పంటి నొప్పి, మలబద్ధకం, గోల, ఆకలి, వస్తువు లాక్కోవడం, ఎక్కువ భాగం ఈ ఐదింట్లోనే తేలుతుంది. నోటికి ఏదో కావాలనుకునేవాళ్లకు నమలడానికి మెడలో వేసే రబ్బరు లాకెట్టు ఒకటి ఇవ్వండి, అది వాళ్లొక్కరిదే అయి ఉండాలి. సిబ్బందికి ఒకటి నేర్పాలి: కొరికినప్పుడు చెయ్యి వెనక్కి లాగకూడదు, చర్మం చీరుకుపోతుంది. నోటి వైపుకే కొంచెం నెడితే పట్టు వదులుతారు. దళసరి జీన్స్ గుడ్డతో మోచేతి దాకా తొడుగులు కుట్టిస్తే చాలావరకు చర్మం తెగదు.

ఆయాలందరికీ అతని పేరు చెప్పేయడం మంచిదని నా అభిప్రాయం. తెలియకుండా పని చేయించుకోవడం న్యాయం కాదు కదా?

వార్డు_సిస్టర్ (ఇన్ఫెక్షన్ కంట్రోల్)

దీంతోని నేను ఒప్పుకోను మేడమ్. పేరు చెప్తే అతని దగ్గర మాత్రమే జాగ్రత్త పడతరు, మిగతా 41 మంది దగ్గర చేతులు కడగరు. ఇంకా రిపోర్టులు రానోళ్లల ఎంతమందికి ఉందో ఎవరికి ఎరుక? అందరికీ ఉన్నట్టే అనుకుని అందరి దగ్గరా ఒకే పద్ధతి పాటించుడే సేఫ్. డాక్టరుకు, నర్సుకు, ఇన్‌ఛార్జికి, ఇంటోళ్లకు తెలిస్తే సాలు. సిబ్బందికి ఇవ్వాల్సింది టీకా, పేరు కాదు.

స్పెషల్_ఎడ్ (బోయిన్‌పల్లి)

టీకా నిజంగా వేయించి, యాంటీబాడీ రిపోర్టు చేతికిచ్చాక అయితే సరే. అది చేయకుండా గోప్యత ఒక్కటే పాటించే యాజమాన్యాలు ఉన్నాయి, నా అభ్యంతరం దాని మీద.

హోమ్_ఇన్‌ఛార్జి (ఉప్పల్)

అందరికీ ధన్యవాదాలు. ఎలైజాలో కూడా పాజిటివే వచ్చింది. మూడు సందేహాలు. టీకా ఎంత కొనాలి, ఎక్కడ దాచాలి? ఇక్కడ కరెంటు పోతుంటుంది. కొరికిన వెంటనే ఏం చేయాలి? అతన్ని ఇంటికి పంపించేయమని కమిటీలో ఇంకా ఒకరు అంటున్నారు, ఏం చెప్పాలి?

కాలేయం_కబుర్లు (గ్యాస్ట్రో డాక్టరు)

పెద్దవాళ్ల డోసు 1 మి.లీ., అంటే 20 మైక్రోగ్రాములు. 0, 1, 6 నెలల్లో. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు రెట్టింపు. పాజిటివ్ అతన్ని తీసేస్తే 57 మంది, మొదటి విడతకు 10 మి.లీ. వయళ్లు ఆరు కావాలి, మూడు డోసులు మిగులుతాయి. రిపోర్టులు వచ్చాక రెండో విడత తగ్గవచ్చు, కాబట్టి మూడు విడతలకూ ఒకేసారి కొనకండి. భుజం కండరానికే వేయాలి. పిరుదుకు వేస్తే కొవ్వులో ఉండిపోయి సరిగా పట్టదు, ఆ డోసును లెక్కలోంచి తీసేయాల్సి వస్తుంది. లావుగా ఉన్నవాళ్లకు పొడుగు సూది వాడాలి. అన్నట్టు ఈ టీకా కోసం పెద్ద దూరం పోనక్కర్లేదు, మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో చేసిన) హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. అంతకుముందు దిగుమతి సరుకు ధర చూసి మధ్యతరగతి వాళ్లే వెనక్కి తగ్గేవాళ్లు.

దాచడం గురించి: మీ ఇంటి ఫ్రిజ్‌లో దాచే ఆలోచన మానుకోండి. 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. వేడికంటే గడ్డకట్టడమే దీనికి పెద్ద శత్రువు. అల్యూమినియం ఉన్న టీకా కాబట్టి ఒకసారి గడ్డకడితే ముక్కలై పని చేయదు, కరిగాక పైకి బాగానే కనిపిస్తుంది. ఫ్రీజర్ కింద అరలో పెట్టి పాడు చేసేవాళ్లే ఎక్కువ. విడత రోజున కోఠి హోల్‌సేల్ షాపు నుంచి ఐస్‌ప్యాకులున్న వ్యాక్సిన్ క్యారియర్‌లో తెప్పించి ఆ పూటే వాడేయండి. ఐస్‌ప్యాకుల్ని నేరుగా వయల్‌కి తగిలించకండి. ఊపితే లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు వచ్చేదాకా బయట పెట్టి, అప్పుడు క్యారియర్‌లో సర్దాలి.

మూడో డోసు అయిన 1 నుంచి 2 నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ చూడండి. సిబ్బందికి, అతని గదిలోని ముగ్గురికి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు తప్పనిసరి. డౌన్ సిండ్రోమ్‌లో యాంటీబాడీ కొంత తక్కువగా పుట్టవచ్చు. 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. రాకపోతే ఇంకో మూడు డోసులు. అప్పటికీ రాకపోతే టీకా పనిచేయని మనిషి అని ఫైల్‌లో ఎర్రగా రాయండి, కొరికినప్పుడు ఆ మాటే దారి చూపిస్తుంది. ఏళ్లు గడిచాక పరీక్ష చేస్తే సంఖ్య తగ్గి కనిపించడం మామూలే. ఒకసారి 10 దాటిన ఆరోగ్యవంతులకు దానివల్ల రక్షణ పోదు. అందుకే పరీక్ష మూడో డోసు తర్వాత ఆ 1 నుంచి 2 నెలల మధ్యలోనే చేయించాలి.

కొరికినప్పుడు: ముందు సబ్బు, ధారగా పడే నీళ్లు, 5 నిమిషాలైనా. పిండకండి, బ్లీచింగ్ నీళ్లు పోయకండి. చర్మం తెగిందా లేదా చూడండి. తెగకపోతే బి గురించి ఏమీ చేయనక్కర్లేదు. తెగితే ఇద్దరి ఫైళ్లూ తీయాలి, కొరికించుకున్నవాళ్లది ఒక్కటే కాదు. రక్తం కొరికినవాడి నోట్లోకి కూడా పోయి ఉంటుంది. పాజిటివ్ మనిషిని ఇంకొకరు కొరికితే ఎక్కువ ప్రమాదం కొరికినవాడికే. రక్షణ లేని మనిషికి అదే రోజు టీకా డోసు, ఒంట్లో వేరే చోట హెచ్‌బీఐజీ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్. 24 గంటల్లో పడితే మంచిది, గాయం అయిన 7 రోజులు దాటితే లాభం ఉండదు. వాడే కొలత కిలోకు 0.06 మి.లీ. అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన దగ్గర దొరికే వయళ్ల మీద యూనిట్లు రాసి ఉంటాయి, బలం కంపెనీని బట్టి మారుతుంది. లెక్క డాక్టరుకే వదలండి. టీకా పూర్తయి 10 దాటినవాళ్లకు ఏదీ అక్కర్లేదు. మనిషి కాటు మామూలుగానే చీము పడుతుంది కాబట్టి టెటానస్, యాంటీబయాటిక్ సంగతి కూడా అదే రోజు అడగండి. ఆరు నెలలకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ మళ్లీ చూడాలి.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్పాలి. పరీక్షల్లో ఒకే గది నుంచి ఇద్దరు ముగ్గురు కొత్త పాజిటివ్‌లు వస్తే బ్లేడు, బ్రష్ మీదే తోసేయకండి. లైంగికంగా దగ్గరవడమో, ఎవరైనా బలవంతం చేయడమో కూడా ఆలోచించాలి. చెప్పుకోలేనివాళ్ల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

పేరెంట్స్_గ్రూపు

ఇంటికి పంపడం గురించి నేను చెప్తాను. వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. మీ హోమ్ రిజిస్ట్రేషన్ కూడా అదే చట్టం కింద ఉంటుంది. రక్తం ద్వారా వచ్చే జబ్బును కారణంగా చూపించి గెంటేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ కమిటీయే.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అని మేధో వైకల్యం ఉన్న పిల్లల సంస్థ ఉండేది. అక్కడ 1956 నుంచి కొత్తగా చేరిన పిల్లలకు కావాలనే హెపటైటిస్ ఎక్కించి పరిశోధన చేశారు. ఎ, బి వేరువేరని 1967లో తేలింది అక్కడే, వైద్య నీతి పాఠాల్లో చెడ్డ ఉదాహరణగా ఇప్పటికీ చెప్పేదీ దాన్నే. తర్వాత ఆ పిల్లల్ని బయటకు తెచ్చి ప్రభుత్వ బడుల్లో చేర్చితే, వైరస్ ఉన్నవాళ్లను వేరే తరగతిలో కూర్చోబెట్టాలని విద్యాబోర్డు పట్టుబట్టింది. 1979లో అప్పీలు కోర్టు కుదరదంది, బడిలో అంటుకుంటుందని బోర్డు చూపించలేకపోయింది కాబట్టి. అప్పటికి టీకా కూడా లేదు. ఇవాళ టీకా ఉన్నా మన కమిటీలు వేరే గది అంటున్నాయి.

ఇంకో అలవాటు ఉంది, అడ్మిషన్‌కు నెగటివ్ రిపోర్టు అడగడం. సోకిన తర్వాత 1 నుంచి 10 వారాల దాకా హెచ్‌బీఎస్‌ఏజీ బయటపడకపోవచ్చు. ఆ కాగితం చూసి ధైర్యం తెచ్చుకునే బదులు చేరిన రోజే మొదటి డోసు వేయించడం మంచిది.

18 దాటినవాళ్లకు సమ్మతి ఎవరిస్తారు అనేది కూడా సరిచూసుకోండి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడిని నియమించేది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. తల్లి అయినా సరే, ఆ పత్రం లేకపోతే కొన్ని ఆసుపత్రుల్లో సంతకం దగ్గర ఆపుతున్నారు. అదే ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, ఓపీడీ ఖర్చులకు పనికొస్తుంది.

హోమ్_ఇన్‌ఛార్జి (ఉప్పల్)

చాలా స్పష్టమైంది. ఇంట్లోవాళ్లు పసరు వేయిస్తామంటున్నారు, ఒకసారికి పంపమని. అది ఏమైనా చేస్తుందా? ఇంకొకటి, ఆరో నెల డోసుకు కొందరు పండక్కి ఇళ్లకు వెళ్లి ఉంటారు. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయాలా?

కాలేయం_కబుర్లు (గ్యాస్ట్రో డాక్టరు)

పసరు వద్దు. పెద్దవాళ్లలో కొత్తగా వచ్చిన బి చాలామందికి తనంతట తానే తగ్గిపోతుంది, ఆ పేరు పసరుకు పోతుంది. మీవాడికి ఉన్నది దీర్ఘకాలికం అయితే పసరు వేసినా వేయకపోయినా యాంటిజెన్ అలాగే ఉంటుంది. ఆకులను బట్టి కాలేయానికే దెబ్బ తగలొచ్చు, ముక్కులో కంట్లో పోసే రకమైతే ఊపిరాడకపోవడం, కన్ను పోవడం కూడా. కావాలంటే ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగుకు వాళ్లనే తోడు పంపండి, ఆ పట్టుదల దానికి పనికొస్తుంది.

డోసు ఆలస్యమైతే మొదటి నుంచి వేయనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే. ఏడాది దాటినా అంతే. తొందరపడి ముందే వేయడం మాత్రం లెక్కలోకి రాదు: ఒకటికి రెండుకి మధ్య 4 వారాలు, రెండుకి మూడుకి మధ్య 8 వారాలు, మొదటిదానికి మూడోదానికి మధ్య 16 వారాలు తగ్గకూడదు. పండక్కి వెళ్లేవాళ్ల చేతికి టీకా కార్డు ఇచ్చి పంపకండి, ఫొటో తీసి ఇవ్వండి. అసలు కార్డు ఫైల్‌లోనే ఉంచండి, లేకపోతే పదేళ్ల తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న ఇంకొకరు అడుగుతారు.

వార్డు_సిస్టర్ (ఇన్ఫెక్షన్ కంట్రోల్)

కటింగ్ అతను మళ్లీ ఎప్పుడు వస్తడు? ఆయన డబ్బా మీరే తెరిచి చూడండి, పటిక రాయి ఒకటే ఉండదు, రెండు మూడు ఉంటయ్.